లోపలి చెప్పులు

చౌడమ్మను చింతామణి పెద్దాసుపత్రిలో, చివరి రూము ముందరి బెంచీ మీద చూసినారని ఊళ్లో మొదట చెప్పింది సులోచనమ్మ. ఆమె కళ్లారా చూడలేదు. ఆమె కోడలి చెల్లెలు చూసిందట. ఆ పిల్ల పన్ను పీకించుకొని, బుగ్గలో దూది పెట్టుకొని వస్తూ చూసిందట. మంగళవారం మంగళవారం చిక్కబళ్లాపురం నుంచి వచ్చే మనసు డాక్టరమ్మ కూర్చునే రూము అది. బుగ్గ వాపు నెలకు గాని దిగలేదు. దిగినాక, సోమవారం రాత్రి ఆ పిల్ల అక్కకు ఫోను చేసింది, అక్క అత్తకు చెప్పింది, అత్త తెల్లారేసరికి పాల డైరీ దగ్గర క్యాను దించకముందే ఊరికి చెప్పింది. డైరీలో పాలు కొలిచేంతలో చౌడమ్మ తలకు కరెంటు పెట్టినారు. వెన్న శాతం చూసేంతలో చౌడమ్మ చీర చించుకొని బెంగళూరు రోడ్డు మీదికి పరుగెత్తింది.

ఇదంతా యజమాని గోపాలప్ప పెళ్లాం యశోదమ్మ పురుగుల ఇంటి గడప అవతల నిలబడి చెప్తూ ఉంటే, చీర చించుకొని పరుగెత్తిన మనిషి కుచ్చెళ్లు పైకి దోపుకొని, మూడో స్టాండు దగ్గర వంగి, పట్టుపురుగుల మీద సున్నపు పొడి చల్లుతోంది. పలచటి గుడ్డలో పొడి మూటగట్టి, ఎడమ చేత్తో పట్టుకొని, కుడి చేత్తో మెల్లగా తడుతోంది. పొడి మంచులా దిగుతోంది. ఎక్కువ పడితే పురుగుకు ఊపిరాడదు. తక్కువ పడితే తేమ ఆరదు. ఇరవై రెండేళ్లుగా అదే తట్టు.

"ఏమమ్మీ, నిజమేనా?" అంది యశోదమ్మ.

"బీపీకి పోయింటిని అక్కా."

"బీపీకి మొదటి రూము గదా?"

చౌడమ్మ నాలుగో స్టాండుకు జరిగింది.

ఆవేళ మంగళవారం. పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. చర్మం విడిచే ముందు పురుగు ఆకు ముట్టదు, కదలదు. తల ఎత్తి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఉన్నచోటనే ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు. పట్టుపురుగు బతుకులో నాలుగుసార్లు వస్తుంది. ఒక పగలు, ఒక రాత్రి, ఒక్కోసారి మరో పూట ఉండి, పాత చర్మం విడిచి పురుగు లేస్తుంది. నాలుగోది దాటిందంటే ఇక ఎనిమిది దినాల పాటు రోజుకు మూడు నాలుగుసార్లు, మోపులకు మోపులు మల్బరీ కొమ్మలు వేయాలి. అప్పుడు ఈ ఇంట్లో వాన పడుతున్నట్టు చప్పుడు. ఇప్పుడు మాత్రం చప్పుడు లేదు. వేల తలలు పైకెత్తిన నిశ్శబ్దం. పురుగుల మనిషికి తోటకు పోయే పని లేని పూట ఇదొక్కటే.

చౌడమ్మకు నలభై ఏడేళ్లు. సన్నటి మనిషి. ఆకు పసరుకు వేళ్ల కొనలు నల్లబడి, ఎంత రుద్దినా పోవు. తలకు నూనె రాసుకోదు, ఆ వాసన పురుగులకు పడదు. మల్లెపూలు పెట్టుకోదు. నడుము పట్టేసినా నొప్పి మందు పూసుకోదు. పంట నడిచే దినాల్లో ఇంట్లో వెల్లుల్లి తిరగమాత కూడా వేయదు. పెళ్లికి పిలిచినా అక్షింతలు వేసి వచ్చేస్తుంది, అక్కడ కాలే అగరొత్తుల పొగ చీరకు అంటుకుంటుందని. గోపాలప్ప పురుగుల ఇంట్లో ఇన్నేళ్లలో పంట పాడైంది మూడుసార్లే అంటే, ఊళ్లో అందరూ ఆమె చేతి గుణం అంటారు. గోపాలప్ప మాత్రం తన అదృష్టం అంటాడు.

ఆమె సున్నం చల్లడం ముగించి, కిటికీ తెరలు కొంచెం ఎత్తి, గాలి తగిలేలా చేసి, గడప దగ్గరికి వచ్చింది. పురుగుల ఇంట్లో తిరగడానికి విడిగా ఒక జత చెప్పులుంటాయి. నీలం రబ్బరువి. అవి లోపలే ఉండాలి, బయటి దుమ్ము తొక్కకూడదు. ఎవరివి వాళ్లకే. చౌడమ్మవి ఎడమ మడమ దగ్గర అరిగి, కిందినుంచి నేల కనిపిస్తుంది. వాటిని విడిచి, బ్లీచింగు నీళ్ల తొట్టిలో కాళ్లు ముంచి, బయటి చెప్పులు వేసుకుంది.

"నేను వచ్చేదాకా ఏమీ వేయద్దు అక్కా. ఒకటీ అరా లేస్తాయి. ఊరికే ఉండు," అని చెప్పి, బస్సుకు నడిచింది.

యశోదమ్మ ఇంకేమో అడగబోయి, పాలు కాగుతున్నాయని గుర్తొచ్చి ఇంట్లోకి పోయింది.

*

అది ఎప్పుడు మొదలైందో చౌడమ్మ చెప్పలేదు. పోయిన ఏడు చలికి అవరెకాయలు కాసే కాలంలో అయి ఉండాలి. తెల్లవారు మూడు గంటలకు మెలకువ వచ్చేది. వచ్చి, పోయేది కాదు. తడిసిన గోనెసంచి ఎవరో భుజాల మీద వేసి, తీయడం మరిచిపోయినట్టుండేది. ఏడుపు రాదు. ఏడుపు వస్తే బాగుండేది, మనిషికి ఒక పని ఉండేది. ముద్ద మింగితే మట్టి మింగినట్టు. బస్సారు పులుసులో వరసగా మూడు దినాలు ఉప్పు వేయడం మరిచింది. మొగుడు బయ్యప్ప మూడు దినాలూ మారుమాట లేకుండా తిన్నాడు. నాలుగో దినం తానే లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టి, "చౌడీ, నీకేమో అయ్యిండాది," అన్నాడు.

అందరూ కారణం అడిగారు. అదే కష్టం. బయ్యప్ప తాగడు, కొట్టడు. చింతామణి టమోటా మార్కెట్లో క్రేట్లు ఎత్తే పని, సాయంత్రానికి ఇల్లు చేరతాడు. కొడుకు మంజునాథ బాగేపల్లిలో మెకానిక్కు, వారానికోసారి ఫోను. సొంత ఇల్లు, రెండు మేకలు. "ఏం తక్కువైంది నీకు?" అంది సొంత చెల్లెలు. చౌడమ్మ చాలా దినాలు వెతికింది, ఏం తక్కువైందో. దొరకలేదు. దొరకనందుకు సిగ్గు వేసింది. కారణముంటే నలుగురిలో చెప్పుకుని ఏడవవచ్చు, కారణం లేనిది ఎవరికి చూపించాలి? తాయెత్తు కట్టించారు. తాయెత్తు కట్టినాయన కూడా కారణమే అడిగాడు.

చివరి రూములోని డాక్టరమ్మ ఒక్కతే "ఎందుకు" అనలేదు. "ఎప్పటినుంచి" అని అడిగింది. ఆ మాటకు చౌడమ్మ తల ఎత్తి చూసింది.

అది పది నెలల కిందటి మాట. అప్పటినుంచి మాత్రలు ఇస్తూనే ఉన్నారు. బాగైనట్టే ఉంటుంది, మళ్లీ దిగిపోతుంది. బావిలో చేదకు తాడు చాలనట్టు.

*

ఆవేళ బెంచీ మీద పదిమంది దాకా ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. గోడ మీది బల్లిని మాత్రం అందరూ చూస్తారు. చౌడమ్మ వంతు వచ్చినప్పుడు నర్సు ప్రతిమ బల్ల మీద మాత్రల అట్టలు పెట్టబోయింది.

"ఈసారి ఇయ్యద్దమ్మా. ఇంటికాడ ఉండాయి."

ప్రతిమ చేయి ఆగింది. ఆమెది బాగేపల్లి తాలూకా చాకవేలు. చామనచాయ, కరుకు గొంతు, కళ్లు మాత్రం నవ్వుతుంటాయి. "నెలకు సరిగ్గా ఇస్తిమి గదమ్మా. ఎట్ల మిగిలినాయి?"

చౌడమ్మ కొంగు కొస మెలిపెట్టింది.

"పురుగులుండాయి గదా ఇంట్లో."

"పురుగులుంటే?"

"మాత్ర మింగితే అది చెమటలోకి దిగుతాది. చేతుల్లోకి వస్తాది. బీడీ తాగిన చెయ్యి పెడితేనే చస్తాయి అవి. ఇంత మందు మింగిన చెయ్యి పెడితే బతుకుతాయా? పిల్ల పురుగులు వస్తానే మాత్రలు మూటగట్టి రాగుల డ్రమ్ములో పెడతా. పట్టుగూళ్లు సంతకు పోయినంక మళ్లా తీస్తా."

రూములో ఫ్యాను తిరుగుతోంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆమెది కన్నడం. చౌడమ్మకు కన్నడం వస్తుంది, సంతకూ బ్యాంకుకూ సరిపడేంత. లోపలి మాట మాత్రం ఆ భాషలో చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అందుకే ప్రతిమ మధ్యలో కూర్చుంటుంది. ప్రతిమ చెప్పడం ముగించేసరికి డాక్టరమ్మ కాగితాలు వెనక్కి తిప్పి, పది నెలలూ చూసుకుంది. మాత్ర ఇరవై దినాలు లేదు, పది దినాలు ఉంది. మళ్లీ ఇరవై లేదు.

"ఎవురు చెప్పినారమ్మా నీకు, మాత్ర చేతుల్లోకి దిగుతాదని?" అంది ప్రతిమ.

"ఎవురూ చెప్పలే. మొదట మాత్రలు మింగిన నెల ఒక స్టాండు పురుగులు ఒళ్లు ఉబ్బి పోయినాయి."

"ఆ నెల వానలా?"

"వానలే."

"తడి ఆకు వేసింటావు."

చౌడమ్మ ఆలోచించింది. "వేసింటి," అంది మెల్లగా. "అయినా..."

"మాయమ్మ ముప్పై ఏండ్లు పురుగులు మేపింది. అందులో పదైదేండ్లు షుగరు మాత్ర మింగతానే మేపింది. ఒక్క పురుగన్నా చచ్చిండ్లేదు."

"షుగరు వేరేనమ్మా. అది ఒంటికి. ఇది తలకి."

"తల ఒంటి మీద లేదా, తీసి గూట్లో పెట్టినావా?"

చౌడమ్మకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినందుకు ఆమే ఆశ్చర్యపోయింది.

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగింది. బియ్యం ఉన్నాయా అని అడిగినంత మామూలుగా అడిగింది. ప్రతిమ దాన్ని తెలుగులో చెప్పనక్కర లేకపోయింది.

చౌడమ్మ నేల మీది బండలు చూసింది. ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగని మాటకు జవాబు ఉండదని ఆమె అనుకుంది. ఉంది.

"గూళ్లు సంతకు పోయినంక మళ్లా పురుగులు వచ్చేదాకా ఇల్లు ఖాళీ గదా. అప్పుడు అనిపిస్తాది. పురుగులుంటే రాదు. వాటికి ఆకు వేసే మనిషి గావాల గదా." కొంగు కొస మెలి విప్పింది. "ఈసారి పురుగులుండంగానే వచ్చింది. మొన్నటినుంచి."

ఆ తర్వాత మాటలు తక్కువ, పని ఎక్కువ. డాక్టరమ్మ కాగితం రాసింది. ఇంటికాడ మాత్రలు మింగుతూ విడుస్తూ ఉంటే లాభం లేదనీ, చిక్కబళ్లాపురం ఆసుపత్రిలో పది పన్నెండు దినాలు ఉంటే సరైన మోతాదు చూసి పంపుతారనీ, ఆ తర్వాత ఒక్క దినం కూడా విడవకూడదనీ, తగ్గిందనిపించినా అడగకుండా ఆపకూడదనీ చెప్పింది. ఈ రోజే పోవాలి. ఒంటరిగా పోకూడదు.

"ఈ రోజా? పురుగులు రేపు లేస్తాయమ్మా. నాలుగో జ్వరం."

జ్వరం అంటే ఏమిటని డాక్టరమ్మ అడిగింది. చౌడమ్మ చెప్పింది. ఈసారి కన్నడంలోనే చెప్పింది, చేతులు కూడా కదిపి. ముట్టుకోకూడదు, అరవకూడదు, తినలేదని ఆకు తోయకూడదు అని చెప్పింది. లేచింది లేనిది ఎట్లా తెలుస్తుందని అడిగితే, తల పెద్దదవుతుంది, ఒళ్లు ముడతలు పడి బూడిదరంగులో ఉంటుంది, ఊదితే కదులుతుంది అంది. డాక్టరమ్మ శ్రద్ధగా వింది. విని, కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"ఇదొకటి నా ముందరే మింగిపో," అంది ప్రతిమ, మాత్ర విప్పి.

చౌడమ్మ అరచేతిలో మాత్రను చాలాసేపు చూసింది. తర్వాత మింగింది. పురుగులు ఇంట్లో ఉండగా మింగడం ఈ పది నెలల్లో అదే మొదలు.

*

మార్కెట్లో బయ్యప్ప క్రేట్ల వరస మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమెను చూసి లేచాడు. ఆమె కాగితం ఇచ్చింది. అతనికి చదవడం రాదు, అయినా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్ని దినాలంట?"

"పన్నెండు."

"నేనూ ఉండొచ్చునా?"

"ఒకరుండల్లంట."

బయ్యప్ప మిగిలిన టీ నేల మీద పారబోసి, భుజాన ఉన్న తువ్వాలు దులిపాడు. "పదా అయితే."

"గోపాలప్పకు చెప్పల్ల గదా. పురుగులు..."

"చెప్పిపోదాం."

బస్సులో ఆమె మాత్రలు మూటగట్టి రాగుల డ్రమ్ములో పెట్టిన సంగతి చెప్పింది. ఊరి మలుపు దగ్గర అతను, "అప్పుడే చెప్పింటే నేను ఆకు వేస్తాంటిని గదా," అన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నువ్వు బీడీ తాగుతావు," అంది.

*

గోపాలప్ప వినగానే పంచె ఎగగట్టాడు. "రేపు పురుగు లేస్తాంటే ఈ పొద్దు పోతావా? ఎవురన్నా నాలుగో జ్వరంలో ఇల్లు విడిచి పోతారా? ఏమప్పా బయ్యప్పా, నువ్వన్నా చెప్పరాదా?"

బయ్యప్ప తువ్వాలు చూసుకున్నాడు.

చౌడమ్మ అంతా చెప్పింది. బీపీ కాదని చెప్పింది. చివరి రూము అని చెప్పింది. మాత్రలు, రాగుల డ్రమ్ము, చెమట, చేతులు. చెప్తున్నంతసేపు గడప బయటే, బయటి చెప్పులతో నిలబడింది. పొద్దున యశోదమ్మ నిలబడిన చోటే. యశోదమ్మ ఇప్పుడు లోపలుంది.

"మాత్ర మింగితే పురుగు చస్తాదా? పిచ్చా నీకు?" అన్నాడు గోపాలప్ప. అనేసి, ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు తానే అటు తిరిగాడు.

యశోదమ్మ లోపలినుంచి అంది: "నువ్వు తోట చాటున బీడీ తాగి, చెయ్యి కడుక్కోకుండా లోపలికొచ్చేది పురుగులకు తెలీదనుకొంటివా? నీ బీడీకి చావనివి ఆమె మాత్రకు చస్తాయా?"

గోపాలప్ప దగ్గాడు.

"మేపేదెవురు మరి?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకి చేతుల్లేవా? ఆమె రాకముందు ఎవురు మేపింది?" యశోదమ్మ చౌడమ్మ వైపు తిరిగింది. "లోపలికొచ్చి చూసిపో అమ్మీ. ఎన్ని లేచినాయో నాకి తెలీలే."

"ఇప్పుడే మాత్ర మింగింటి అక్కా."

"మింగితే మింగినావు. రా."

చౌడమ్మ కాళ్లు కడిగింది. చేతులు కడిగింది, మళ్లీ కడిగింది. నీలం చెప్పులు వేసుకొని లోపలికి పోయింది. మూడో స్టాండు అంచున ఒక పురుగు ముందే లేచి ఉంది. పాత చర్మం తోక దగ్గర ముడుచుకొని ఉంది, కొత్త తల బరువుగా అటూ ఇటూ ఊగుతోంది. ఆమె చూపుడు వేలు దాని వీపుకు ఆనించింది. చల్లగా, మెత్తగా ఉంది. చూస్తూ నిలబడింది. పురుగు తల తిప్పి, వేలి మీదికి ఎక్కడానికి చూసింది.

"ఒకటీ అరా లేచి తలలాడిస్తాయి అక్కా. ఆకలనుకొని జాలిపడి ఆకు వేసేవు. వేయద్దు. ముందు లేసినవి పైకెక్కి తింటాయి, ఇంకా లేవనివి ఆకు అడుగున పడి పోతాయి. చివరివి లేసేదాకా ముందువి ఓర్చుకోవల్ల. ఏమీ కాదు వాటికి."

"సరే."

"రేపు పొద్దునకు లేస్తాయి. కొన్ని మధ్యానానికి లేస్తాయి. అవి చచ్చినాయని తీసి పారేసేవు."

"పారేయనులే."

గోపాలప్ప గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు. "మళ్లీ పిల్ల పురుగులు వచ్చేదానికి నెల ఉండాది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఆలోగా రావచ్చు."

ఇక చెప్పేదేమీ లేదు. చౌడమ్మ బయటికి వచ్చి, చెప్పులు విడిచి, వాటిని బ్లీచింగు నీళ్లలో ముంచి, కొబ్బరి పీచుతో రుద్దింది. అరిగిన మడమ దగ్గర ఇరుక్కున్న సున్నం గోటితో తీసింది. గడప లోపలి వైపు గోడకు ఆనించి పెట్టి, బయటి చెప్పులు వేసుకుంది. వచ్చే దారిలో ఇంటి దగ్గర సర్దుకున్న సంచిని బయ్యప్ప భుజాన వేసుకున్నాడు. రాగుల డ్రమ్ములోని మాత్రల మూట ఆ సంచిలోనే, రెండు చీరల మధ్య ఉంది.

ఐదున్నర బస్సు రావడానికి ఇంకా కొంచెం సేపుంది. ఇద్దరూ వాకిలి దాటేసరికి సులోచనమ్మ సాయంత్రం పాల క్యానుతో ఎదురైంది. వీళ్లకు దారి ఇచ్చి, సంచి వైపు చూసి, ముందుకు పోయి, పురుగుల ఇంటి దగ్గర ఆగింది. గొంతు తగ్గించాననుకొంది. రోడ్డు దాకా వినిపించింది.

"తలకాయ సరిలేని మనిషి చేతికి పురుగుల్ని ఇచ్చిండావే యశోదమ్మా! ఇన్నాళ్లూ తెలీలేదా నీకు? పంట పోయింటే?"

చౌడమ్మ నడక ఆగింది. బయ్యప్ప కూడా ఆగాడు. గోపాలప్ప జేబులో బీడీల కట్ట తడుముకొని, తీయకుండా వదిలేశాడు.

"ఈ పది నెల్లూ మా ఇంట్లో పంట తీసింది ఆ తలకాయే," అంది యశోదమ్మ. "డైరీలో ఆ మాట కూడా చెప్పు పో."

చౌడమ్మ మళ్లీ రోడ్డు వైపు నడిచింది, వెనకే బయ్యప్ప. సులోచనమ్మ క్యాను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. మలుపులో బస్సు హారను వినిపించింది. బస్సు ఆగి, ఇద్దరినీ ఎక్కించుకొని పోయింది. పురుగుల ఇంట్లో వేల తలలు పైకెత్తి అలాగే ఉన్నాయి. గడప లోపల గోడకు ఆనించిన నీలం చెప్పుల జతలోంచి నీళ్లు బొట్టు బొట్టుగా కారుతున్నాయి. వాటి మొనలు ఇంట్లోకే తిరిగి ఉన్నాయి.